ఒకటిన్నర నుంచి మూడు దాకా

గేటు పడింది. పడుతుందని మలుపు తిరుగుతున్నప్పుడే తెలుసు, ఎర్ర దీపాలు కొట్టుకోవడం కనిపిస్తూనే ఉంది, ఇంకాస్త గట్టిగా తొక్కి ఉంటే దాటేసేదాన్నే. కానీ నా ముందున్న నీలం ట్రక్కు పెద్దమనిషి పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నట్టు నడుపుతున్నాడు, దాంతో ఇద్దరం ఇవతలే ఉండిపోయాం, గూడ్సు బండి వచ్చి మా ఎదురుగా బారులు తీరింది, ధాన్యం పెట్టెలు, ధాన్యం పెట్టెలు, మళ్ళీ ధాన్యం పెట్టెలు, ఇక అయిపోతుందిలే అనుకునేసరికి పెద్ద మూలుగు మూలిగి ఆగిపోయింది. నెబ్రాస్కాలో పుట్టినవాళ్ళకి ఈ మూలుగు అర్థం వేరే చెప్పక్కర్లేదు. పావుగంటో, ముప్పావుగంటో, దాని దయ. అవతలి వైపుకి వంతెన కావాలంటే పదకొండు మైళ్ళు పోవాలి, మంచులో. గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. కాలేజీ పట్టాలకి అవతల ఉంది, నాలుగింటికి కౌంటరు మూసేస్తారు, ఇవాళ శుక్రవారం, సోమవారం నుంచి కొత్త సెమిస్టరు. నాలుగులోపు పక్కసీట్లో ఉన్న ఈ క్యాలిక్యులేటరుని వాళ్ళ చేతిలో పెట్టి, ఈ కాగితం నింపి ఇచ్చేస్తే నా చదువు పూర్తవుతుంది. ఆగస్టులో మొదలై డిసెంబరులో ముగిసిన చదువు. మా ఇంట్లో ఇంతకంటే ఎక్కువ కాలం నిలిచిన జలుబులున్నాయి.

క్యాలిక్యులేటరు లైబ్రరీది. మళ్ళీ చేరేవాళ్ళు ఉంచుకోవచ్చు, చేరనివాళ్ళు ఇవాళ్టికల్లా ఇచ్చెయ్యాలి, అదీ పద్ధతి. కాగితం మాత్రం కాలేజీ వాళ్ళు ఇంటికి పంపించారు. 'మీరు తిరిగి ఎందుకు రావడం లేదు? ఒక్కదానికి మాత్రమే టిక్కు పెట్టండి.' ఉద్యోగం, కుటుంబం, ఆరోగ్యం, రాకపోకలు, ఖర్చు, ఇతరం. ఇతరం పక్కన గీత ఒకటి, నా చూపుడువేలంత పొడుగు. మొన్నటి నుంచి ఈ గళ్ళ మీద నా కలం దోమలా తిరుగుతోంది కానీ ఎక్కడా వాలడం లేదు. ఉద్యోగం అని పెడితే అబద్ధం, బడి వంటింట్లో నా పని ఒంటిగంట పావుకల్లా అయిపోతుంది. కుటుంబం అంటే లీలండ్, మా ఆయన, పాపం మంగళవారం గురువారం తనే గుడ్లు వండుకుని, తనే మాడ్చుకుని, తనే తిని, బావున్నాయని తనకి తనే చెప్పుకున్నాడు, ఆయన మీద నింద వెయ్యడానికి నోరు రాదు. ఆరోగ్యం రాయిలా ఉంది. రాకపోకలకి ఈ కారుంది, ఇంకా కదులుతోంది, ఎదుట బండే కదలడం లేదు. ఖర్చంతా ప్రభుత్వం పెట్టుకుంది. ఇక ఇతరం. "ఇతరం అని కొట్టి పారెయ్యవే, ఇంత ఆలోచనా?" అంది ఇవాళ పొద్దున డోరీన్, నాతోపాటు పదకొండేళ్ళుగా అదే పొయ్యి దగ్గర నిలబడే మనిషి, అరవై రెండేళ్ళు, గరిటె ఆవిడ చేతిలో ఉంటే ప్రిన్సిపాల్ కూడా దూరంగా నిలబడి మాట్లాడుతుంది. "ఆ గీత మీద ఏం రాయనే?" అన్నాను. "నాకు బుర్ర లేదు అని రాయి, సరిగ్గా పడుతుంది" అంది. నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత పిల్లలకి పెట్టే తియ్యటి బన్ను రోల్స్ మీద పంచదార పూత పోస్తూ ఉన్నట్టుండి, "అది కాదులేవే, నీ బుర్రకేం, మెనూలు రాసేవాడి కంటే బావుంటుంది" అంది, నా వైపు చూడకుండా.

మెనూలు రాసేవాడు. అసలీ చదువంతా వాడివల్లే వచ్చింది. జిల్లా ఆఫీసులో కూర్చుని అన్ని బళ్ళకీ నెలనెలా ఏం వండాలో రాసి పంపిస్తాడు, బతుకులో ఒక్కరోజు నాలుగు వందల మంది పిల్లలకి వడ్డించిన పాపాన పోలేదు, సోమవారం బ్రాకలీ అని రాస్తాడు. సోమవారం! శని ఆదివారాలు అమ్మమ్మల ఇళ్ళలో కుకీలు తిని వచ్చిన పిల్లల ముందు పచ్చగా నీళ్ళోడుతున్న బ్రాకలీ పెడితే ఆ చెట్లన్నీ నేరుగా చెత్తబుట్టలో నాటుతారు. రెండేళ్ళ క్రితం ఒక నెలకి శుక్రవారం చిల్లీ పక్కన దాల్చినచెక్క రోల్ తీసేసి క్యారెట్ ముక్కలు పెట్టమన్నాడు. బీన్సూ మాంసం కలిపి ఉడికించిన ఆ చిల్లీని తియ్యటి రోల్ లేకుండా తినడం మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఒకే పళ్ళెంలో రెండూ, ఒకటి ముంచి రెండోది కొరకడం, మా తాతలకీ అదే తెలుసు. ఆ శుక్రవారం రెండో తరగతి పిల్ల ఒకతి పళ్ళెం పట్టుకుని నా ముందు నిలబడి, ఏడవలేదు, అరవలేదు, "ఎందుకు?" అని అడిగింది. అంతే. ఆ రాత్రి లీలండ్‌తో అన్నాను, ఆ కుర్చీలో నేను కూర్చోవాలి అని. రెండేళ్ళ పోషకాహార డిగ్రీ ఉండాలట ఆ కుర్చీకి. అందులో లెక్కలు ఒక పేపరట. ఒకటే కదా అనుకున్నాను. నలభై మూడేళ్ళ మనిషికి ఒకటే కదా అనుకునే హక్కు ఉండకూడదు.

లెక్కల క్లాసులో మొదటి రోజు ఇరవై నాలుగు కుర్చీలు నిండాయి. పళ్ళేలు లెక్కపెట్టే చేతులు కదా, కుర్చీలు కూడా వాటంతటవే లెక్కపెడతాయి. అక్టోబరుకి పదహారు. నవంబరు చివర కృతజ్ఞతల పండగ సెలవు అయ్యాక తొమ్మిది. ఎవరూ వెళ్ళొస్తాం అని చెప్పి వెళ్ళలేదు, దెబ్బలాడి వెళ్ళలేదు, కుర్చీ ఖాళీ అవుతుంది, మర్నాడు దాని మీద ఎవరో కోటు పెట్టుకుంటారు. నా ఎడమపక్క యోలాండా అని మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఉండేది, ఆమెకి షిఫ్టు మారింది, వేరే క్లాసులోకి మారొచ్చేమో ఎవరినైనా అడుగుదామనుకుంటూ అనుకుంటూ మానేసింది. నా వెనకాల రస్ అని లారీ డ్రైవరు, మొక్కజొన్న కోతల్లో రెండు క్లాసులు పోయాయి, మూడో క్లాసుకి వస్తే అందరూ తననే చూస్తారని సిగ్గుపడ్డాడట, అంత పెద్ద మనిషి, గుమ్మంలో పట్టని మనిషి. పెట్రోలు బంకులో కనిపించి తనే చెప్పాడు. చెప్పి, "మీరైనా నిలబడండి మార్లా, మనవాళ్ళ పరువు" అన్నాడు. మనవాళ్ళు ఎవరో నాకు అర్థం కాలేదు కానీ ఛాతీ పొంగింది. ఇప్పుడు ఆ బంకుకి వెళ్ళాలంటే మొహం చెల్లడం లేదు, మొన్న చలిలో ఇంకో మైలు పోయి పోయించుకున్నాను.

ఇంతకీ నన్ను పడగొట్టింది ఏ కొండో కాదు. ఒక గుర్తు. చిన్నది, కోడి ముక్కులా ఉంటుంది, నోరు తెరుచుకున్న వైపు పెద్ద సంఖ్య, మూతి వైపు చిన్న సంఖ్య. అంతవరకూ నాకూ దానికీ గొడవ లేదు. కానీ రెండు వైపులా మైనస్‌తో గుణిస్తే ఆ ముక్కు అటుది ఇటు తిరిగిపోతుందట. ఎందుకు? పుస్తకంలో 'తిరగబడుతుంది' అని లావు అక్షరాల్లో ఉంది, ఎందుకో లేదు. లెక్కల సారు కుచేరా గారు బోర్డు వైపు తిరిగి బోర్డుకే చెప్తారు పాఠం, గొంతు కూడా చిన్నది, చెప్పాక ఇటు తిరిగి "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు, నేనూ గంగిరెద్దులా ఊపాను. తర్వాత అధ్యాయాలన్నీ ఆ ముక్కు మీదే కట్టినవి. పరీక్షలో తిప్పాలని గుర్తున్నా చెయ్యి తిప్పేది కాదు, ఎందుకో తెలియని పని నా చెయ్యి చెయ్యదు, ఉప్పు ఎందుకు వెయ్యాలో తెలియకపోతే నేను ఉప్పు కూడా వెయ్యను. ఆ పిల్ల అడిగిందే నా ప్రశ్న కూడా. ఎందుకు? ఒక్క మాట. పదహారు వారాలు సంచీలో మోశాను, ఎక్కడా దించుకోవడానికి వీలు చిక్కలేదు. మార్కుల కాగితంలో డి వచ్చింది, అంటే తప్పినట్టే. మళ్ళీ అదే క్లాసులో మొదటి నుంచి కూర్చోవాలి. మళ్ళీ అదే ముక్కు.

అయ్యో, అడగాలని లేకపోతే కదా. ఒంటిగంట పావుకి ఏప్రను విప్పితే ఒకటిన్నరకల్లా కాలేజీలో ఉండేదాన్ని, క్లాసు మూడింటికి. సారు గది ఎదురుగా ఒక చెక్కబల్ల ఉంది, అక్కడే కూర్చునేదాన్ని, మంగళవారం, గురువారం. మొదటి రోజు ఇచ్చిన కాగితంలో అన్నిటికంటే పైన రాసి ఉంది కదా, ఆఫీస్ అవర్స్, మంగళ గురు, ఒకటిన్నర నుంచి మూడు దాకా అని. పైన రాశారంటే ముఖ్యమని. ఆ వేళల్లో సారు తన ఆఫీసు పని చూసుకుంటారు, జోలికి పోకూడదని. మా వంటింటి తలుపు మీద కూడా ఉంది అలాంటిదే, పది నుంచి పదకొండున్నర, ఆ వేళలో ఎవరైనా లోపలికి తల పెడితే డోరీన్ గరిటె చూపిస్తుంది. ఒకరి పనివేళ విలువ పనిచేసేవాళ్ళకి తెలుస్తుంది. తలుపు ఓరగా తెరిచి ఉండేది, లోపల సారు బట్టతల, దీపం, బల్ల మీదికి వంగి ఏదో రాస్తూ. ఎంత పనో పాపం అనుకునేదాన్ని. నేను దగ్గు వస్తే గొంతులోనే అణుచుకున్నాను. అంతేనా, ఎవరైనా పిల్లలు గట్టిగా మాట్లాడుకుంటూ అటు వస్తే "ష్! సారు పనిలో ఉన్నారు" అని వేలు చూపించేదాన్ని, వాళ్ళు కాలివేళ్ళ మీద వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. యోలాండా కూడా ఒకరోజు వచ్చింది, ఇదే వేలు ఆమెకీ చూపించాను. మర్యాద తెలిసిన మనిషిని అని నాకు నేనే ముచ్చటపడ్డాను.

బండి కదల్లేదు. మూడూ పద్దెనిమిది. పక్కసీటు కింద డబ్బాలో మిగిలిన రోల్స్ ఉన్నాయి, కారంతా దాల్చినచెక్క వాసన, అద్దాల నిండా ఆవిరి. ముందున్న నీలం ట్రక్కు తలుపు తెరుచుకుంది, చెవులు కప్పే టోపీ ఒకటి దిగింది, బండి వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది, ఇటు తిరిగింది. టోపీ కింద కుచేరా సారు. చేతిలో ఫ్లాస్కు. ఇంకేమీ తోచక సీట్లో కిందికి జారిపోయాను, స్టీరింగు నా కళ్ళ మీదికి వచ్చేదాకా. ఈ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి చిన్న కారులో దాక్కోవడం ఎలా ఉంటుందో బయటినుంచి చూసినవాళ్ళకే తెలియాలి. అద్దం మీద టకటకమని కొట్టారు. దించాను.

"మార్లా గారేనా? అలా జారిపోయారేంటండీ, నడుం పట్టిందా?"

"లేదు సార్, ఏదో పడిపోతే వెతుకుతున్నా."

"దొరికిందా?"

"ఇంకా లేదు సార్."

"ఇవాళ చిల్లీ రోజు కదూ" అన్నారు గాలి పీలుస్తూ. ఆ మొహం చూసి మెనూలు రాసేవాడికి తప్ప ఎవరికైనా జాలి కలుగుతుంది. రమ్మన్నాను. ఆయన పక్క తలుపు తీసి, సీటు మీది క్యాలిక్యులేటరునీ కాగితాన్నీ ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రోల్ ఇచ్చాను, కాఫీ పోశారు. చలిలో గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్ళు ఇలా ఒకరి బండిలో ఒకరు కూర్చోవడం మాకు మామూలే, ఇలాగే పెళ్ళిళ్ళు కూడా కుదిరాయి. కానీ ఆయన కాగితం చదువుతున్నారు. నమిలే దవడ నెమ్మదించింది. నాకు తల కొట్టేసినట్టయింది. చదవడం రాని మనిషైతే ఎంత బావుండేది అనుకున్నాను ఒక లెక్కల మేష్టారి గురించి.

"తిరిగిచ్చేస్తున్నారా దీన్ని?"

"అవును సార్."

"దేనికి పెట్టారు టిక్కు?"

"దేనికీ పెట్టలేదు సార్. ఏదీ సరిపోవట్లేదు."

ఆయన కాఫీ ఒక గుక్క తాగారు. ఎదుట ధాన్యం పెట్టె మీద ఎవరో రంగులతో రాసిన పేరు చూస్తూ, "నన్నో మాట అడగనివ్వండి" అన్నారు. "నా దగ్గరికి ఒక్కసారైనా ఎందుకు రాలేదు మీరు? మీరనే కాదు, ఒక్కరూ రాలేదు. నా మొహం అలా ఉంటుందా?"

"ఎప్పుడు రావాలి సార్?"

"ఎప్పుడేంటండీ? ఆఫీస్ అవర్స్‌లో."

"అప్పుడు మీరు పనిలో ఉంటారు కదా సార్."

"ఏం పని?"

"ఆఫీసు పని."

రోల్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా వైపు తిరిగి చూశారు, బోర్డుని కాకుండా నన్ను చూసి ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. "మార్లా గారూ," అన్నారు మెల్లగా, "ఆ పని మీరేనండీ. మీరొచ్చి ఏదైనా అడుగుతారని కూర్చునే గంటలవి. నాకింకేం పని లేదు. గళ్ళనుడికట్టు నింపుకుంటూ కూర్చున్నా. రెండు పుస్తకాలయిపోయాయి."

ఒకటిన్నర నుంచి మూడు దాకా. పదహారు వారాలు. చెక్కబల్ల. ఓరగా తెరిచిన తలుపు. ఓరగా తెరిచింది నాకోసం. ఆరడుగుల దూరం, ఆరంటే ఆరడుగులు, ఇటు ప్రశ్న పట్టుకుని నేను, అటు జవాబు పట్టుకుని ఆయన, మధ్యలో నా మర్యాద. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు తోసుకొచ్చింది, రెండిటికీ ఒకటే దారి కాబట్టి గొంతులో గుద్దుకున్నాయి. చెప్పేశాను. బల్ల సంగతి, దగ్గు సంగతి, వేలు సంగతి, యోలాండాని వెనక్కి పంపిన సంగతి. ఆమె షిఫ్టు గురించి అడగడానికే వచ్చిందేమో సార్, నేనే తిప్పి పంపాను. అది చెప్తున్నప్పుడు మాత్రం నవ్వలేకపోయాను.

"ఆగండాగండి" అన్నారు ఆయన. "ష్... ష్... అని వినపడేది, అది మీరా?"

"నేనే సార్."

"గది వేడిచేసే గొట్టం కారుతోందనుకున్నానండీ! మరమ్మతు వాళ్ళని రెండుసార్లు పిలిచాను. వాళ్ళు కొత్త గొట్టం వేసి వెళ్ళారు."

అప్పుడిక ఆగలేదు. కారు ఊగేలా నవ్వాం, వెనక బండిలో ముసలాయన అద్దం తుడుచుకుని మరీ చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ సారు, "నాదీ తప్పే" అన్నారు, "పాతికేళ్ళుగా అదే ముక్క రాస్తున్నా, దానర్థం ఏంటో ఒక్కరికీ చెప్పలేదు. తెలుసనుకున్నా. ఎవరూ రాకపోతే అందరికీ అర్థమైంది కాబోలనుకున్నా." తర్వాత గడియారం చూసి, "ఇవాళ గురువారం కాదు, కానీ గది వెచ్చగానే ఉంది. అడగండి" అన్నారు.

అడిగాను. పదహారు వారాల మాట, పలకడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ముక్కు ఎందుకు తిరుగుతుంది సార్?

ఆయన ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రెండు అని రాసి, పక్కన ఐదు రాశారు. "డిగ్రీలనుకోండి. ఏది వెచ్చన?" ఐదు అన్నాను. రెండిటి ముందూ చిన్న గీతలు పెట్టారు. "ఇప్పుడివి మీ వంటింటి ఫ్రీజర్లు. మైనస్ రెండు ఒకటి, మైనస్ ఐదు ఒకటి. ఏది వెచ్చన?" పదకొండేళ్ళుగా పొద్దున్నే ఆ ఫ్రీజరు తలుపు మీది అంకె చదివి పుస్తకంలో రాస్తున్నదాన్ని, నన్నా అడుగుతున్నారు. మైనస్ రెండు, అన్నాను. అని ఆగిపోయాను. ఇందాక గెలిచింది ఇప్పుడు ఓడిపోయింది. సున్నాకి అటు పక్కకి పోతే పెద్దది చిన్నదైపోతుంది, ఇంకేం చేస్తుంది ముక్కు, తిరక్క చస్తుందా? "ఇంతేనా?" అన్నాను. "ఇంతే" అన్నారు. నాకు కోపం వచ్చింది, నిజంగా, ఇంత చిన్నదాని కోసమా పెట్రోలు బంకు మార్చుకున్నాను అని. కోపం వెనకే ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత వేసిన ఆకలి. రోల్ తీసి సగం ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాను.

అంతలో దూరంగా ఠంగుమంది, ఆ ఠంగు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి అందుకుంటూ మా ముందునుంచి పోయింది. బండి కదిలింది. సారు గబగబా ఫ్లాస్కు మూత బిగించి దిగబోయారు. క్యాలిక్యులేటరు నా వైపు చాపారు, ఏమీ అనలేదు, అడగలేదు. తీసుకుని నా సంచీలో, అడుగున, తాళాల కింద పెట్టుకున్నాను. "ఒక్క నిమిషం సార్, ఆ కాగితం కూడా" అన్నాను. నా కోటు జేబులో డబ్బాల మీద తేదీలు రాసే లావు నల్ల పెన్ను ఎప్పుడూ ఉంటుంది. కాగితం వెనక్కి తిప్పి, స్టీరింగు మీద ఆనించి, నాలుగు వందల మంది పిల్లలకి దూరం నుంచి కనపడేలా బోర్డులు రాసే అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆయన చదివి, నా వైపు చూసి, "కానీ ఇది కాలేజీకి ఇవ్వాల్సింది కదండీ, ఎందుకు రావడం లేదో చెప్పమని?" అన్నారు.

"అదే చెప్పాను సార్. మీ తలుపుకి అంటించండి."

చివరి పెట్టె దాటింది. మూడూ నలభై ఒకటి. గేటు లేస్తోంది, వెనక ముసలాయన హారన్ కొడుతున్నాడు, యోలాండా నంబరు నా ఫోనులో ఇంకా ఉందా, ఉండాలి, లేకపోతే ఫ్యాక్టరీ గేటు దగ్గరే నిలబడతాను, రస్‌కి ఎదురుగానే చెప్పాలి, ఇవాళ పెట్రోలు అక్కడే పోయించుకుంటాను, నాలుగింటికి ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది, కౌంటరులో మళ్ళీ పేరు రాయించుకోవడానికి చాలు. నీలం ట్రక్కు కదిలింది, అదే పెళ్ళికూతురి నడక. కానీ ఈసారి దాని వెనకద్దంలో నా కాగితం నిలబెట్టి ఉంది, అక్షరాలు నా వైపు: 'లోపల పనేం లేదు. మీ కోసమే కూర్చున్నారు. తలుపు తోసుకుని రండి.' నేను దాని వెనకాలే పట్టాలు దాటాను.